వరుసలో నిలిచే ఐడీలు: ఏ క్రమాన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు

సంక్రాంతికి ముందు బెంగళూరు నుంచి కర్నూలు, తిరుపతి, విజయవాడ వైపు వెళ్లే బస్సుల టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైటును ఊహించుకుందాం. సీటు ఖరారైన ప్రతిసారీ డేటాబేసులో ఒక కొత్త రికార్డు చేరుతుంది. దాన్ని మిగతా అన్నింటి నుంచి వేరుచేసి చూపే ఐడీ ఒకటి కావాలి. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో ఇలాంటి వ్యవస్థల్ని కట్టే తెలుగు ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. కానీ డిజైను చర్చల్లో ఐడీ ఎలా ఉండాలన్న ప్రశ్నకు దక్కే సమయం చాలా తక్కువ. అంత తేలిగ్గా తేల్చేయదగిన ప్రశ్న కాదిది. స్క్రీను రూపాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఒక సర్వీసును వేరే ప్రోగ్రామింగ్ భాషలో తిరిగి రాసుకోవచ్చు. ఐడీ మాత్రం చెల్లింపుల టేబుల్లోకి, లాగుల్లోకి (ప్రోగ్రాములు రాసుకునే పనుల చిట్టాల్లోకి), ప్రయాణికుడి ఫోనుకు వెళ్లిన ఎస్సెమ్మెస్‌లోకి, బస్సు యజమానికి పంపిన నివేదికలోకి ఒకసారి పాకిందంటే దాని రూపాన్ని మార్చడం దాదాపు అసాధ్యమవుతుంది.

కొన్నేళ్లుగా ఈ ప్రశ్నకు ఒక సిద్ధమైన జవాబు ప్రచారంలో ఉంది: ఐడీలో ముందు సమయం ఉండాలి, వెనుక యాదృచ్ఛిక బిట్లు (ముందుగా ఊహించలేని 0, 1లు) ఉండాలి, అప్పుడు ఐడీలను పేర్చితే పుట్టిన క్రమంలో వాటంతట అవే నిలుస్తాయి. ఈ సలహా చాలావరకు మంచిదే. అయితే అది ఎందుకు మంచిదో సరిగా అర్థం చేసుకోకుండా పాటిస్తే, డేటాబేసు వేగం కోసం తెచ్చుకున్న గుణాన్ని సంఘటనల క్రమానికి సాక్ష్యంగా వాడే పొరపాటు జరుగుతుంది. ఈ రెండూ వేర్వేరు విషయాలు. ఆ తేడాను విడమరచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నింటికంటే సరళమైన పద్ధతితో మొదలుపెడదాం. ఒకే డేటాబేసు ఉన్నంతకాలం 1, 2, 3 అంటూ అదే సంఖ్యలు ఇచ్చుకుంటూ పోతుంది. 8 బైట్లలో ఇమిడే సంఖ్య, చదవడానికి తేలిక, పేర్చడానికి తేలిక. ఇందులో లోపం లేనేలేదని అనిపిస్తుంది, చిన్న వ్యవస్థల్లో నిజంగానే లేదు. చిక్కులు తర్వాత మొదలవుతాయి. డేటాబేసులో రికార్డు చేరేదాకా దాని ఐడీ ఏమిటో ప్రోగ్రాముకు తెలియదు కాబట్టి బుకింగు, చెల్లింపు, సీటు కేటాయింపు అనే మూడు రికార్డులను ఒకేసారి సిద్ధం చేసి పంపడం కష్టమవుతుంది. డేటాబేసులు రెండైతే రెండూ ఒకే సంఖ్యను ఇవ్వగలవు. ఫ్లికర్ సంస్థ దీనికి ఒక తెలివైన ఉపాయం చేసింది: సంఖ్యలు ఇవ్వడానికే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు నడిచే రెండు సర్వర్లను పెట్టి, ఒకటి బేసి సంఖ్యలను, మరొకటి సరి సంఖ్యలను మాత్రమే ఇచ్చేలా అమర్చింది. ఒక సర్వరు ఆగిపోయినా రెండోది నడుస్తూ ఉంటుంది. కానీ ప్రతి కొత్త రికార్డుకూ నెట్‌వర్కు మీదుగా మరొకరిని అడిగి రావలసిన పని మాత్రం తప్పలేదు.

వరుస సంఖ్యల్లో మరో ఇబ్బంది కూడా ఉంది, అది వ్యాపార రహస్యానికి సంబంధించింది. పోటీ సంస్థవాళ్లు సోమవారం ఒక టికెట్టు, మళ్లీ వచ్చే సోమవారం ఒక టికెట్టు కొని రెండు సంఖ్యల తేడా చూస్తే వారంలో ఎన్ని బుకింగులు జరిగాయో వారికి తెలిసిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల గణాంకవేత్తలు, పట్టుబడిన జర్మన్ ట్యాంకుల విడిభాగాలపై ఉన్న వరుస సంఖ్యల్ని బట్టే నెలనెలా ఉత్పత్తిని అంచనా వేశారు. గూఢచారులు పంపిన లెక్కలకంటే ఆ అంచనాలే వాస్తవానికి దగ్గరగా ఉన్నాయని యుద్ధం తర్వాత దొరికిన జర్మన్ రికార్డులు తేల్చాయి.

ఎవరినీ అడగకుండా, ఎక్కడికక్కడ ఐడీలు పుట్టించుకోవాలన్న కోరికకు వచ్చిన జవాబు యూయూఐడీ (యూనివర్సల్లీ యూనిక్ ఐడెంటిఫయర్). 128 బిట్ల ఈ ఐడీకి 2005లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4122 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రామాణిక రూపం ఇచ్చింది. అందులో ఎక్కువ వాడుకలోకి వచ్చింది నాలుగో రకం. ఏ రకమో చెప్పడానికి 4 బిట్లు, ఏ కుటుంబమో చెప్పడానికి 2 బిట్లు పోగా మిగిలిన 122 బిట్లూ యాదృచ్ఛికాలే. ఇద్దరికి ఒకే ఐడీ వస్తే ఎలా అన్న భయం మొదట్లో అందరికీ కలుగుతుంది. లెక్క వేసి చూస్తే, ఒక్క జత అయినా కలిసిపోయే అవకాశం సగానికి సగం కావాలంటే సుమారు 27 వేల కోట్ల కోట్ల ఐడీలు పుట్టాలి. సెకనుకు వంద కోట్ల చొప్పున పుట్టించినా దానికి 85 ఏళ్లకు పైగా పడుతుంది. యాదృచ్ఛిక సంఖ్యల మూలం నమ్మదగినదైతే చాలు, ఈ భయాన్ని పక్కన పెట్టేయవచ్చు.

అసలు ఖర్చు వేరే చోట, డేటాబేసు ఇండెక్సులో (రికార్డును త్వరగా వెతికిపెట్టే సూచికలో), పడుతుంది. ఈ భాగాన్ని నిదానంగా చూడాలి, ఎందుకంటే వరుసలో నిలిచే ఐడీలు పుట్టడానికి కారణం ఇదే.

మనం వాడే డేటాబేసుల్లో ఎక్కువ భాగం ఇండెక్సును బీ-ట్రీ అనే నిర్మాణంలో దాచుకుంటాయి. ఐడీలన్నీ క్రమంలో పేర్చిన పేజీలుగా ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను నిల్వచేసే భాగమైన ఇన్నోడీబీలో ఒక్కో పేజీ మామూలుగా 16 కిలోబైట్లు, పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేసులో 8 కిలోబైట్లు. కొత్త ఐడీ వచ్చినప్పుడు క్రమంలో అది ఎక్కడ ఉండాలో ఆ పేజీని వెతికి అందులోనే రాయాలి. కిరాణా కొట్టు చిట్టాలో ఆఖరి పుట తీసి కింది గీతలో రాసుకుంటూ పోవడానికీ, పద్దు వచ్చిన ప్రతిసారీ వందల పుటల్లో ఏదో ఒకటి వెతికి, రెండు గీతల నడుమ చోటు చేసుకుని రాయడానికీ ఎంత తేడా ఉందో, పెరుగుతూ పోయే ఐడీకీ యాదృచ్ఛిక ఐడీకీ బీ-ట్రీలో అంత తేడా ఉంది. పెరుగుతూ పోయే ఐడీలన్నీ చివరి పేజీలోనే పడతాయి. ఆ పేజీ ఎప్పుడూ మెమరీలోనే ఉంటుంది. నిండిన పేజీల జోలికి మళ్లీ వెళ్లాల్సిన పని లేదు. యాదృచ్ఛిక ఐడీలైతే ప్రతిదీ వేరే పేజీకి వెళ్తుంది. ఆ పేజీ మెమరీలో లేకపోతే డిస్కు నుంచి తెచ్చుకోవాలి, మార్చాలి, మళ్లీ డిస్కుకు రాయాలి. అది అప్పటికే నిండి ఉంటే రెండుగా చీల్చాలి.

ఈ చీలికల వల్ల పేజీలు సగం ఖాళీగా మిగులుతాయి. వరుసగా చేర్చినప్పుడు పేజీ పదహారు పాళ్లలో పదిహేను పాళ్లు నిండుతుందనీ, యాదృచ్ఛికంగా చేర్చినప్పుడు సగం నుంచి పదిహేను పాళ్ల దాకా ఎక్కడైనా ఉండవచ్చనీ ఇన్నోడీబీ అధికారిక వివరణే చెబుతోంది. పైగా ఇన్నోడీబీలో రికార్డు మొత్తం ప్రైమరీ కీ (రికార్డును గుర్తించే ప్రధాన ఐడీ) క్రమంలోనే నిల్వ అవుతుంది కాబట్టి చీలేది ఇండెక్సు ఒక్కటే కాదు, అసలు డేటా కూడా. పోస్ట్‌గ్రెస్‌లో డేటా వేరుగా, ఇండెక్సు వేరుగా ఉండడం వల్ల ఆ బాధ తక్కువే. కానీ అక్కడ మరొకటి ఉంది: ప్రతి చెక్‌పాయింట్ (అప్పటిదాకా జరిగిన మార్పులను డిస్కుకు చేర్చే ఘట్టం) తర్వాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు ఆ పేజీ మొత్తాన్ని లాగులో, అంటే డేటాబేసు తన మార్పులను రాసుకునే చిట్టాలో, రాయడం పోస్ట్‌గ్రెస్ ఆనవాయితీ. వెయ్యి బుకింగులు నాలుగైదు పేజీల్లో పడితే నాలుగైదు పేజీల నకళ్లు చాలు. అవే వెయ్యి పేజీల్లో చెదిరితే వెయ్యి నకళ్లు రాయాలి, డేటా నకలు ఉంచుకునే రెప్లికా సర్వర్లకు కూడా అవన్నీ చేరాలి.

పరీక్షల్లో ఈ నష్టం కనపడదు. లక్ష రికార్డుల టేబుల్ ఇండెక్సు మొత్తం మెమరీలో ఇమిడిపోతుంది కాబట్టి యాదృచ్ఛిక ఐడీ, వరుస ఐడీ రెండూ దాదాపు ఒకే వేగంతో పనిచేస్తాయి. ఇండెక్సు పెరిగి పెరిగి మెమరీని దాటిన రోజున పరిస్థితి మారుతుంది, అప్పటికి ఐడీ వ్యవస్థ నిండా పాకి ఉంటుంది. అందుకే దీన్ని మొదట్లోనే ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక పరిష్కారం తర్కం సులభం. ఐడీలను ఎడమవైపు నుంచి పోల్చుతారు కాబట్టి ఎడమవైపు సమయాన్ని పెడితే ఒకే కాలంలో పుట్టిన ఐడీలు పక్కపక్కన పడతాయి. కుడివైపు యాదృచ్ఛిక బిట్లు ఉంటే ఒకే క్షణంలో రెండు యంత్రాలు పుట్టించినవి కలిసిపోవు. విచిత్రమేమిటంటే యూయూఐడీ మొదటి రకంలోనే సమయం ఉంది. 1582 అక్టోబర్ 15న గ్రెగోరియన్ క్యాలెండర్ అమలులోకి వచ్చిన నాటి నుంచి గడిచిన కాలాన్ని వంద నానోసెకన్ల లెక్కన 60 బిట్లలో అది రాసుకుంటుంది. కానీ ఆ 60 బిట్లలో వేగంగా మారే దిగువ 32 బిట్లను ముందు, నిదానంగా మారే ఎగువ బిట్లను తర్వాత పెట్టారు. ఆ 32 బిట్లు సుమారు ఏడు నిమిషాలకొకసారి మళ్లీ సున్నాకు వస్తాయి కాబట్టి ఐడీలను పేర్చితే నిన్నటివీ, ఇవాళ్టివీ, పోయిన ఏడాదివీ కలగలిసిపోతాయి. దానికి తోడు ఐడీ పుట్టిన కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు చిరునామా కూడా అందులో ఉండేది, అంటే ఎవరి యంత్రమో పట్టిచ్చేది. ఆరో రకం ఆ సమయం బిట్లను సరైన క్రమంలోకి సర్దిన రూపమే.

వరుసలో నిలిచే ఐడీలను పెద్ద స్థాయిలో వాడుకలోకి తెచ్చింది 2010లో ట్విట్టర్ ప్రకటించిన స్నోఫ్లేక్. ఇది 64 బిట్లు మాత్రమే: పైన ఒక ఖాళీ బిట్టు, మిల్లీసెకన్లలో సమయానికి 41 బిట్లు, యంత్రం సంఖ్యకు 10, అదే మిల్లీసెకనులో వరుస సంఖ్యకు 12. అంటే ఒక్కో యంత్రం మిల్లీసెకనుకు 4096 ఐడీలు ఇవ్వగలదు, 41 బిట్ల సమయం 69 ఏళ్లకు పైగా సరిపోతుంది. 8 బైట్లలో ఇంత పొదుపుగా ఇమిడిన అమరికను చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ దీన్ని సొంతంగా కట్టుకోవాలనుకునేవారు రెండు సంగతులు ముందే తెలుసుకోవాలి. ఇందులో యాదృచ్ఛికత అన్నది లేదు, కలిసిపోకుండా కాపాడేది యంత్రం సంఖ్య ఒక్కటే. సర్వర్లు నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో పోయే కుబర్నెటీస్ వంటి చోట్ల, బతికి ఉన్న ఏ రెండింటికీ ఒకే సంఖ్య రాకుండా చూడడమే పెద్ద పని. ట్విట్టర్ దానికోసం, సర్వర్ల మధ్య సమన్వయం చూసే జూకీపర్ అనే సాఫ్ట్‌వేరును వాడింది. రెండోది బ్రౌజరులో ఎదురవుతుంది. జావాస్క్రిప్టు సంఖ్యలు 2 యొక్క 53వ ఘాతం దాటిన పూర్ణాంకాలను తప్పు లేకుండా పట్టలేవు కాబట్టి 64 బిట్ల ఐడీలోని చివరి అంకెలు నిశ్శబ్దంగా మారిపోతాయి. ట్విట్టర్ ఇతర ప్రోగ్రాములకు డేటా అందించే తన ఏపీఐలో ఐడీని సంఖ్యగానే కాక అక్షరాల వరుసగా కూడా ఇవ్వాల్సి వచ్చింది ఇందుకే. ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఇదే పద్ధతిని పోస్ట్‌గ్రెస్ లోపలే, యంత్రం సంఖ్య స్థానంలో షార్డు (డేటాబేసు ముక్క) సంఖ్య పెట్టి అమలు చేసింది. డిస్కార్డ్ ఈనాటికీ స్నోఫ్లేక్ రూపాన్నే వాడుతోంది, 2015 జనవరి 1ని సున్నాగా లెక్కించి.

యంత్రం సంఖ్యల తలనొప్పి లేకుండా చేయాలన్న ఆలోచనతో 2016లో యూలిడ్, 2017లో సెగ్మెంట్ సంస్థ నుంచి కేఎస్‌యూఐడీ వచ్చాయి. యూలిడ్‌లో మిల్లీసెకన్లకు 48 బిట్లు, యాదృచ్ఛికతకు 80 బిట్లు. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ రూపొందించిన 32 గుర్తుల పద్ధతిలో 26 అక్షరాలుగా దాన్ని రాస్తారు. ఒకటితోనో సున్నాతోనో పొరబడే ఐ, ఎల్, ఓ అక్షరాలను ఆ పద్ధతి వదిలేసింది, యూ కూడా లేదు. ఫోనులో కస్టమర్ కేర్‌కు చదివి వినిపించాల్సిన బుకింగ్ ఐడీకి ఇది నిజంగా పనికొచ్చే లక్షణం. కేఎస్‌యూఐడీలో 32 బిట్ల సెకన్లు, 128 బిట్ల యాదృచ్ఛికత. రాసినప్పుడు 27 అక్షరాలు, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు కలిపి 62 గుర్తులతో. ఇక్కడ జాగ్రత్త అవసరం. పెద్ద, చిన్న అక్షరాల తేడాను పట్టించుకోని కొలేషన్‌తో (అక్షరాలను పోల్చే నియమంతో) మైఎస్‌క్యూఎల్ టేబుల్‌ను తయారుచేస్తే ఇలాంటి ఐడీల క్రమం చెడిపోతుంది, అక్షరాల పరిమాణంలో మాత్రమే తేడా ఉన్న రెండు ఐడీలను డేటాబేసు ఒకటేనని అనుకుంటుంది. ఐడీ క్రమం ఐడీలో మాత్రమే ఉండదు, దాన్ని పోల్చేవారి నియమంలో కూడా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ తన సొంత యూయూఐడీ కాలమ్‌ను పోల్చేటప్పుడు చివరి ఆరు బైట్లను ముందు చూస్తుంది. ఎడమవైపు ఎంత జాగ్రత్తగా సమయం పెట్టినా అక్కడ ఆ శ్రమ ఫలించదు.

ఇన్ని సొంత పద్ధతులు పుట్టుకొచ్చాక ప్రామాణిక సంస్థ కదిలింది. 2024 మేలో ఆర్‌ఎఫ్‌సీ 9562 వెలువడి, పాత 4122ను పక్కకు నెట్టి, యూయూఐడీ ఏడో రకాన్ని నిర్వచించింది. మొదటి 48 బిట్లు 1970 నుంచి గడిచిన మిల్లీసెకన్లు. తర్వాత రకం చెప్పే 4 బిట్లు. మిగిలినవాటిలో కుటుంబం చెప్పే 2 బిట్లు తీసేస్తే 74 బిట్లు యాదృచ్ఛికతకు మిగులుతాయి. తెరపై అడ్డగీతలతో వేరుచేసిన ఐదు గుంపులుగా కనిపించే ఐడీలో మూడో గుంపు మొదటి అంకె 7 అని ఉంటుంది, దాన్నిబట్టి పోల్చుకోవచ్చు. పాత 128 బిట్ల కాలమ్‌లోనే ఇమిడిపోవడం దీనికున్న పెద్ద బలం, టేబుల్ నిర్మాణం మార్చనక్కర్లేదు. డాట్‌నెట్ 9లో, 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18, పైథాన్ 3.14లలో ఇది భాషతోనే, డేటాబేసుతోనే వస్తోంది. ఒకే మిల్లీసెకనులో పుట్టిన ఐడీలు కూడా వరుస తప్పకూడదనుకుంటే ఆ 74 బిట్లలో కొన్నింటిని లెక్కింపుకో, మిల్లీసెకను కంటే చిన్న కాలభాగానికో వాడుకునే స్వేచ్ఛను ప్రమాణం ఇచ్చింది. పోస్ట్‌గ్రెస్ 12 బిట్లను ఆ రెండో పద్ధతిలో వాడుతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన తేడాకు వద్దాం. ఏడో రకం ఐడీ రెండింటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే చిన్నది ముందు జరిగిందని చెప్పవచ్చా? చెప్పలేం. ఐడీలో ఉన్న సమయం దాన్ని పుట్టించిన యంత్రం గడియారంలో ఉన్న సమయం. రెండు సర్వర్ల గడియారాలను ఎన్‌టీపీ అనే నెట్‌వర్కు పద్ధతి కలిపి ఉంచుతుంది, కానీ ఆ కలయికకు ఎప్పుడూ కొన్ని మిల్లీసెకన్ల వదులు ఉంటుంది, నెట్‌వర్కు బాగా లేనప్పుడు పదుల మిల్లీసెకన్లు కూడా. ముందుకు పోయిన గడియారాన్ని ఎన్‌టీపీ వెనక్కి లాగవచ్చు. కాసేపు ఆగి మళ్లీ లేచిన వర్చువల్ మెషీన్ తన గడియారం సరిపడేదాకా పాత సమయాన్నే చూపవచ్చు. స్నోఫ్లేక్ ఇలాంటప్పుడు గడియారం మళ్లీ ముందుకొచ్చేదాకా ఐడీలు ఇవ్వడమే మానేస్తుంది. కొన్ని యూలిడ్, ఏడో రకం లైబ్రరీలు చివరిగా ఇచ్చిన సమయాన్నే పట్టుకుని లెక్క పెంచుకుంటూ పోతాయి. ఏ పద్ధతి అయినా ఒక యంత్రం లోపలి క్రమాన్నే కాపాడుతుంది. వేర్వేరు యంత్రాల మధ్య ఏది ముందు, ఏది తర్వాత అన్నది గడియారాలతో తేలదనీ, ఒకరి సందేశం మరొకరికి చేరిన సంబంధంతో మాత్రమే తేలుతుందనీ కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే వివరించారు.

మన బస్సు వెబ్‌సైటులో దీని అర్థం ఇది. శుక్రవారం రాత్రి ఆనందరావు సర్కిల్ నుంచి బయలుదేరే కర్నూలు బస్సులో ఒకే సీటు మిగిలింది. ఇద్దరు ప్రయాణికులు రెండు వేర్వేరు సర్వర్ల ద్వారా దాదాపు ఒకేసారి దాన్ని పట్టుకున్నారు. ఎవరి ఐడీ చిన్నదో వారికే సీటు అని రాసిన ప్రోగ్రాము, గడియారం వెనకబడిన సర్వరుకు వెళ్లినవారి పక్షం వహిస్తుంది. సీటు ఎవరిదో తేల్చాల్సింది ఐడీ కాదు. బస్సు, తేదీ, సీటు ఈ మూడూ కలిసి రెండోసారి రాకూడదన్న నిబంధనను డేటాబేసులో పెట్టి, ఎవరి ట్రాన్సాక్షన్ (ఒక్కటిగా పూర్తయ్యే మార్పుల గుంపు) దాన్ని మొదట దాటిందో దాన్నే అంగీకరించాలి.

ఇంతకంటే మోసపూరితమైన సమస్య ఇంకొకటి ఉంది, గడియారాలు పూర్తిగా సరిగ్గా ఉన్నా ఎదురయ్యేది. ఐడీ పుట్టే క్షణం, ఆ రికార్డు ఇతరులకు కనిపించే క్షణం ఒకటి కావు. మొదటి బుకింగుకు పది గంటలు దాటిన 100వ మిల్లీసెకనులో ఐడీ పుట్టింది, కానీ దాని ట్రాన్సాక్షన్ చెల్లింపు కోసం ఆగి 900వ మిల్లీసెకనులో కమిట్ అయింది, అంటే ఖరారై ఇతరులకు కనిపించింది. రెండో బుకింగుకు 300వ మిల్లీసెకనులో ఐడీ పుట్టి 350కే కమిట్ అయింది. బస్సు యజమానులకు నివేదికలు పంపే ప్రోగ్రాము 500వ మిల్లీసెకనులో వచ్చి, ‘నేను చివరిగా చూసిన ఐడీ కంటే పెద్దవన్నీ ఇవ్వు’ అని అడిగింది. దానికి రెండో బుకింగు ఒక్కటే కనిపించింది. అదే చివరిదని గుర్తు పెట్టుకుని వెళ్లిపోయింది. మొదటి బుకింగు కమిట్ అయ్యాక దాని ఐడీ ఆ గుర్తు కంటే చిన్నది కాబట్టి ఇక ఎన్నిసార్లు అడిగినా రాదు. ప్రయాణికుడి దగ్గర టికెట్టు ఉంటుంది, బస్సు దగ్గర జాబితాలో పేరు ఉండదు. రద్దీ లేనప్పుడు ఇది జరగదు, పరీక్షల్లో అసలు పట్టుబడదు, పండగ రోజుల్లోనే బయటపడుతుంది. 1, 2, 3 అని ఇచ్చే పాత వరుస సంఖ్యల్లో కూడా సరిగ్గా ఇదే జరుగుతుందన్నది గమనించాలి. కొత్త ఐడీలు ఈ జబ్బును తేలేదు, మాన్పనూ లేదు.

దీనికి మందులు ఉన్నాయి. తేలికైనది, గుర్తును కొన్ని నిమిషాలు వెనక్కి జరిపి మళ్లీ చదవడం, వచ్చిన రికార్డు ఇదివరకే వచ్చిందేమో ఐడీతో సరిచూసుకోవడం. ఏ ట్రాన్సాక్షనూ ఆ వ్యవధి కంటే ఎక్కువసేపు తెరిచి ఉండదన్న హామీ ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. సరైనది, డేటాబేసు లాగునే చదవడం. అందులో మార్పులు కమిట్ అయిన క్రమంలోనే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో లాజికల్ రెప్లికేషన్, మైఎస్‌క్యూఎల్‌లో బిన్‌లాగ్ ఇందుకు పనికొస్తాయి.

తేదీల విషయంలో మన దేశానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఐడీలోని సమయం అంతర్జాతీయ సమయం, మనది దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఐడీలో తేదీ ఉంది కదా అని, ఇవాళ్టి బుకింగులను ఐడీ పరిధితో వెతికేవారు ఆ పరిధిని ముందు రోజు 18 గంటల 30 నిమిషాల నుంచి మొదలుపెట్టకపోతే, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా జరిగిన బుకింగులు నిన్నటి ఖాతాలో పడతాయి. నా మటుకు నేను, సృష్టించిన సమయానికి వేరే కాలమ్ ఉండాలనే అంటాను. ఐడీని విప్పి సమయం చదవడం లాగుల్లో ఏదైనా వెతుక్కునేటప్పుడు ఉపయోగపడుతుంది, వ్యాపార నియమాలకు దాన్ని ఆధారం చేయకూడదు. ఐడీని విడగొట్టకుండా ఒక మూటగానే చూడమని ఆర్‌ఎఫ్‌సీ 9562 కూడా సలహా ఇస్తోంది.

సమయం లోపల ఉందంటే అది బయటివారికీ కనిపిస్తుంది. టికెట్టు ఎప్పుడు కొన్నారో తెలిసినంత మాత్రాన పెద్ద నష్టం లేకపోవచ్చు. ఆసుపత్రి రికార్డు ఎప్పుడు తెరిచారో, ఫిర్యాదు ఎప్పుడు దాఖలైందో లింకులోని ఐడీ బయటపెడితే అది వేరే సంగతి. ఊహించడం ఎంత కష్టమన్నది కూడా చూడాలి. 74 యాదృచ్ఛిక బిట్లు మామూలుగా ఎవరూ ఊహించలేనన్ని. కానీ యూలిడ్‌ను వరుస తప్పని పద్ధతిలో పెడితే, అదే మిల్లీసెకనులో పుట్టే తర్వాతి ఐడీ ముందుదానికి ఒకటి కలిపితే వచ్చేదే. తన ఐడీకి ఒకటి కలిపి చూసిన ప్రయాణికుడికి పక్కవారి టికెట్టు తెరుచుకోవచ్చు. ఐడీ తెలిసినవారికల్లా రికార్డు చూపించే లింకులు పెట్టడమే తప్పు, అనుమతిని వేరుగా పరీక్షించాలి. రహస్యం అవసరమైన చోట నాలుగో రకం ఐడీని బయటికి, ఏడో రకాన్ని లోపలికి వాడుకోవడం మంచిది.

వరుసగా ఉండడమే శాపమయ్యే డేటాబేసులు కూడా ఉన్నాయి. గూగుల్ స్పానర్, కాక్రోచ్‌డీబీ వంటివి టేబుల్‌ను కీ పరిధుల వారీగా ముక్కలు చేసి వేర్వేరు యంత్రాలకు పంచుతాయి. ఐడీలు పెరుగుతూ పోతే కొత్త రికార్డులన్నీ చివరి ముక్క ఉన్న ఒక్క యంత్రం మీదే పడతాయి, మిగతా యంత్రాలు ఖాళీగా కూర్చుంటాయి. ఒకే డిస్కు మీది బీ-ట్రీకి మేలు చేసిన గుణమే అక్కడ కీడు చేస్తుంది. అందుకే స్పానర్ వివరణ నాలుగో రకాన్నో, బిట్లు తిరగేసిన వరుస సంఖ్యలనో వాడమంటుంది. ఏ ఐడీ మంచిదన్న ప్రశ్నకు డేటాబేసు పేరు చెప్పకుండా జవాబివ్వడం కుదరదు.

ఒకే పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ మీద నడిచే మన బస్సు వెబ్‌సైటుకైతే నేను ఏడో రకాన్నే ఎంచుకుంటాను, దాన్ని 36 అక్షరాలుగా కాక 16 బైట్లుగా దాస్తాను. ఇన్నోడీబీలో ప్రతి ఇతర ఇండెక్సులోనూ ప్రైమరీ కీ నకలు ఉంటుంది కాబట్టి ఆ 20 బైట్ల తేడా ఒక్కో రికార్డుకు ఎన్ని ఇండెక్సులుంటే అన్నిసార్లు పడుతుంది.

ఇప్పటికే నాలుగో రకంతో నడుస్తున్న టేబుల్ ఉన్నవారు పాత రికార్డులను ముట్టుకోనక్కర్లేదు, కొత్తవాటికి ఏడో రకం ఇస్తే చాలు. అయితే ఒక పర్యవసానం గుర్తుంచుకోవాలి. ఈ కాలంలో పుట్టే ఏడో రకం ఐడీలన్నీ పదహారు గుర్తుల (హెక్సాడెసిమల్) పద్ధతిలో రాస్తే ‘01’తో మొదలవుతాయి, 2039 దాకా అలాగే ఉంటాయి. నాలుగో రకం ఐడీలు మొత్తం పరిధిలో సమానంగా చెదిరి ఉంటాయి కాబట్టి వాటిలో నూటికి 99కి పైగా ఇవాళ పుట్టే కొత్త ఐడీ కంటే పెద్దవే. ఇండెక్సుకు దీనివల్ల పెద్ద హాని లేదు, కొత్తవి ఒకచోటే పక్కపక్కన పడతాయి. కానీ ఐడీ క్రమాన్ని బట్టి కొత్తవాటిని పైన చూపించే తెర ఏదైనా ఉంటే, మారిన రోజు నుంచి దాని పైభాగంలో ఎప్పుడో ముగిసిన పాత ప్రయాణాలే కనిపిస్తాయి. ఆ తెరలన్నింటినీ వెతికి, సృష్టించిన సమయం కాలమ్ మీద పేర్చేలా మార్చిన తర్వాతే ఐడీని మార్చాలి.